శనివారం మిట్ట ఎక్కని బండి

తిరుపతిలో ఒక ట్రాక్టర్ల షోరూములో సర్వీసు మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు పుత్తూరులో జీపులు బాగుచేసే షెడ్డులో ఉండేవాణ్ణి. బతుకంతా గ్రీజు, డీజిలు, ఎదుటివాళ్ళ కోపం. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, వెళ్ళే రోజు ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. అవి మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేవు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ఐటీఐ అయిపోగానే స్పానరు పట్టడం వస్తే చాలనుకుని వస్తారు. స్పానరు పట్టడం ఎవరికైనా వస్తుంది. దాన్ని కింద పెట్టి ఎదుటి మనిషి చెప్పేది వినడం రావడానికే ఏళ్ళు పడుతుంది. కొందరికి రిటైరయ్యేదాకా రాదు. వాళ్ళలో ఒకరిద్దరు నాకు మేనేజర్లుగా కూడా ఉన్నారు.

బాగుచేసిన బండ్లన్నీ గుర్తుండవు. వడమాలపేట దగ్గర ఒక మామిడితోటకు కొన్న బండిని మాత్రం మరిచిపోలేను. దానివల్ల ఒక మనిషి పని పోబోయింది. పనితో పాటు ఊళ్ళో అతని మర్యాద కూడా పోబోయింది. అది ఎలా ఆగిందో చెప్పాలంటే ముందు నా గురువు గురించి చెప్పాలి.

ముందు డ్రైవరు, తర్వాత బండి

పుత్తూరు షెడ్డు గోవిందసామి మేస్త్రీది. తమిళం కలిసిన తెలుగు, నోటినిండా వక్కాకు, తిట్టడం మొదలుపెడితే పక్క వీధికి వినబడేది. నేను చేరిన కొత్తలో శ్రీకాళహస్తి నుంచి ఒక జీపు వచ్చింది. స్టీరింగు ఎంత పట్టుకున్నా బండి ఒక పక్కకు లాగుతోంది. నేను హుషారుగా కిందికి దూరాను. మేస్త్రీ నా రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి ఈడ్చాడు.

"బండి యాడికీ పోదురా. ముందు డ్రైవరుకు టీ చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి టీ తెచ్చాను. డ్రైవరు రెండు గుక్కలు తాగి, దారిలో పంచరైందని, తన దగ్గర వేరే టైరు లేక తెలిసినవాళ్ళ దగ్గర ఒకటి అడిగి వేసుకున్నానని చెప్పాడు. వెళ్ళి చూస్తే ఆ టైరు మిగతా వాటికంటే పొట్టిది. నేను ఇంకా కిందే ఉండి ఉంటే సాయంత్రానికి స్టీరింగు మొత్తం విప్పి పరిచేవాణ్ణి.

డ్రైవర్లు అబద్ధాలు చెప్పరా అంటే చెబుతారు, బాగానే చెబుతారు. నాకు తెలిసిన ఒక గుర్తు ఉంది. అబద్ధమాడేవాడు బండి గురించే మాట్లాడతాడు, అది విరిగింది, ఇది అరిగింది అంటాడు. దాపరికం లేనివాడు దారి గురించి, వేసిన బరువు గురించి, ఎండ గురించి చెబుతాడు. ఈ గుర్తు నన్ను మోసం చేసింది చాలా తక్కువ.

లావు టైర్ల బండి

నా సర్వీసు చివరి ఏళ్ళలో మా షోరూములోకి ఏటీవీలు వచ్చాయి. మోటారు సైకిలు లాగా హ్యాండిలు, నాలుగు లావు టైర్లు, రాళ్ళయినా ఇసకైనా ఎక్కి దిగే బలం. గుట్టల మీద తోటలున్నవాళ్ళు, ట్రాక్టరు తిరగని చోట మందు డ్రమ్ములు మోయించుకోవాల్సినవాళ్ళు కొనడం మొదలుపెట్టారు. జనం దానికి పెట్టిన పేరు లావు టైర్ల బండి.

కొత్త బండికి రోగాలు రావనుకోకండి. పాత బండి రోగం పాతదే, మనకు తెలిసిందే. కొత్త బండి రోగం కొనుక్కున్నవాడి అలవాటులోంచి వస్తుంది. ట్రాక్టరు నడిపినవాడు దీన్ని ట్రాక్టరు అనుకుంటాడు, స్కూటరు నడిపినవాడు స్కూటరు అనుకుంటాడు.

టైర్లే తీసుకోండి. పంచరు షాపులో గాలి కొట్టించుకుని, కొబ్బరికాయలాగా గట్టిగా ఉంటేనే తృప్తిపడతారు. ఈ బండి టైరు బొటనవేలితో నొక్కితే లోపలికి పోవాలి. గట్టి టైరుతో రాయి ఎక్కితే బండి ఎగిరి మనిషిని పడేస్తుంది. ఒకాయన అలా పడి చెయ్యి విరగ్గొట్టుకుని, కట్టుతోనే వచ్చి మమ్మల్ని తిట్టిపోయాడు. తిట్లు తిన్నాక టైరు చూశాం.

ఇంజనులో మొదటి ఆయిలు తొందరగా మార్చాలి. కొత్త లోహం ఒరుసుకుని రాలే పొడి అంతా అందులోనే ఉంటుంది. "కొత్త బండికి అప్పుడే ఆయిలేందప్పా?" అని అందరూ అడుగుతారు. అడిగిన ప్రతివాడికీ ఓపికగా చెప్పండి. గాలి ఫిల్టరు మన ఎర్రమట్టి దుమ్ముకు తొందరగా మూసుకుపోతుంది, దాన్ని నమ్మకండి, తీసి చూడండి.

ఇక అసలైనది బెల్టు. ఈ బండికి గేర్లు మార్చే పని తక్కువ. ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది ఒక వెడల్పాటి రబ్బరు బెల్టు. అది ఇంజను పక్కన ఒక డబ్బాలో ఉంటుంది. బెల్టు వేడెక్కకుండా డబ్బాలోకి గాలి పోవడానికి ఒక గొట్టం, ఆ గొట్టం నోటికి బండి ముందుభాగంలో పైన ఒక జాలీ ఉంటాయి. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు 'లో' గేరులో పెట్టాలి. 'హై'లో ఎక్కిస్తే బెల్టు జారి, కాలి, కంపు కొడుతుంది. తడిసినా జారుతుంది. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం కదలదు. ఇంతవరకు అర్థమైతే మిగతా కథ మీకు సులువుగా తెలుస్తుంది.

వడమాలపేట తోట

మునస్వామి నాయుడిది వడమాలపేట నుంచి లోపలికి, గుట్ట వాలులో మామిడితోట. కింద తోతాపురి, పైన మిట్ట మీద బేనీషా. తోటను నిజంగా నడిపేది ఆయన తల్లి రుక్మిణమ్మ. భర్త పోయినప్పటి నుంచి నీళ్ళు, మందులు, కూలీలు అన్నీ ఆమె చేతిమీదే నడిచాయి. కూలివాళ్ళలో ఎవరికైనా ఒళ్ళు బాగాలేకపోతే ఆస్పత్రికి తానే వెంట వెళ్ళే మనిషి. చెడ్డ మనిషైతే నా పని తేలికయ్యేది.

బండి నడపడానికి ఏసుపాదాన్ని పెట్టుకున్నారు. అదే ఊరి ఎస్సీ కాలనీ మనిషి, ముందు ట్రాక్టరు నడిపేవాడు. కొత్త బండిని మా షోరూములో అప్పగించిన రోజు స్వీట్ల పెట్టె ఇచ్చాం, పూలదండ వేశాం, ఫొటో తీశాం. ఏసుపాదం ఆ ఫొటోలో వెనకాల నిలబడి ఉన్నాడు.

ఎండాకాలం మొదట్లో మొదటి బెల్టు కాలింది. బండిని మా దగ్గరికి లారీలో తెచ్చారు, మా కుర్రాళ్ళు బెల్టు మార్చి పంపారు. కొన్ని వారాలకే రెండోది కాలింది. ఈసారి చెన్నై నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మంగళవారం నాడు బండిని చదునైన నేల మీద రెండు చుట్లు తిప్పి, ఏ దోషమూ లేదన్నాడు. డ్రైవరు బరువుతో 'హై' గేరులో ఎక్కించాడు, తప్పు అతనిదే అని తేల్చేశాడు. మా మేనేజరు ప్రాణం కుదుటపడింది. డ్రైవరు తప్పయితే మూడో బెల్టు ఉచితంగా ఇవ్వనక్కర్లేదు.

తోటలో మాత్రం ఇంకో మాట పుట్టింది. బండి ఆగిపోయేది ఎప్పుడూ శనివారమే. సోమవారానికల్లా దానంతటదే బాగుండేది. రుక్మిణమ్మ దీన్ని గమనించింది. ప్యాకింగు షెడ్డు దగ్గర కాయలు ఏరుతున్న కూలీలందరి ముందూ ఆమె అన్న మాట నాకు తర్వాత ఏసుపాదమే చెప్పాడు.

"శుక్రవారం నేను పసుపు కుంకుమ పెట్టి పూజ చేసిస్తే, వాడు శనివారం నీసు తిని దాని మీదెక్కతాడు. స్వామి బండిని ముందరికి పోనిస్తాడా?"

తిరుమల కొండ కింద బతికే మాకు శనివారం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నీసు, అంటే మాంసం, చేపలు ముట్టని ఇళ్ళే ఎక్కువ. నేనూ శనివారం ఒక్కపొద్దు ఉంటాను. కాబట్టి ఆ మాట కూలీల చెవుల్లో సులువుగా నాటుకుంది. మర్నాటి నుంచి పనిలోకి రావద్దని ఏసుపాదానికి నాయుడు చెప్పాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది.

ఏసుపాదం చెప్పింది

మూడో బెల్టు వేసే పని నా దగ్గరికి వచ్చింది. కాలిన బెల్టును చేతిలో పట్టుకుని చూశాను. ఒక పక్క గాజులాగా మెరుస్తోంది. 'హై' గేరు వల్ల కాలినా అలాగే ఉంటుంది, తడిసి జారినా అలాగే ఉంటుంది. బెల్టు నోరు విప్పదు. డ్రైవరును అడిగారా అని మా కుర్రాళ్ళను అడిగితే లేదన్నారు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి వడమాలపేట పోయి రావాలన్నాను. "తేలిపోయిన దాన్ని మళ్ళీ ఎందుకు కెలుకుతారు మేస్త్రీ? డ్రైవరు మన మనిషి కాదు కదా" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. కంపెనీ అంటే భయం, అంతే. ఈ పనిలో నేను చూసిన అన్యాయాల్లో చాలావరకు ఇలాంటి భయస్తులే చేశారు. నేను లీవు పెట్టి నా స్కూటరు మీద పోయాను.

ఏసుపాదం ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ముందు టీ ఇప్పించమన్నాను. టీ అయ్యేదాకా బండి మాట ఎత్తలేదు. ఎత్తాక అతను చెప్పిన మొదటి మాట దారి గురించే.

"మిట్ట మొదుట్లో నున్నటి బండ ఉండాది సార్. ఆడ 'లో'లో పెట్టకుండా ఎవురూ ఎక్కలేరు. నేను ట్రాక్టరు నడిపినోన్ని, నాకు తెలీదా? మిగతా దినాలు డ్రమ్ము నిండా నీళ్ళతో గూడా ఎక్కతాది. శనివారం పొద్దున మటుకు బండ కాడికి పోతానే ఇంజను అరస్తాది, బండి వెనక్కి జారతాది. నేనేం జేసేది?"

"శుక్రవారం ఏం చేస్తారు దానికి?"

"ఏం జేస్తాం సార్, సుబ్బరంగా కడగతా. పెద్దమ్మ పూజ జేస్తాది."

నాకు ఒక అనుమానం తగిలింది గానీ, చూడకుండా నోరు జారకూడదు. బాధపడకు, పని ఎక్కడికీ పోదులే అన్నాను. అతనికి కోపం వచ్చింది.

"పని పోతే పోనీ సార్. ఇంకో తోట సూసుకుంటా. నా తిండికి బండి చెడిపోయిందని ఊరంతా అంటా ఉండారు. రేపు ఎవురి ఇంట్లోనన్నా మోటరు కాలిపోతే గూడా, ఏసుపాదం ముట్టుకున్న్యాడా అని అడగతారు. నా బిడ్డ బడికి పోతాది. దానికి ఏం చెప్పేది? ఆ మాట పొయ్యేదాకా బండి మాట నాకొద్దు."

అతని భార్య తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. తిరిగి వస్తూ దారిపొడవునా నాకు నా షోరూము మీదే కోపం. బెల్టు మార్చడం మా పని, మార్చాం. ఎందుకు పోయిందో అడగడం కూడా మా పనే. అది రెండుసార్లు మానేసినందుకు ఒక మనిషి ఊళ్ళో తల దించుకు తిరుగుతున్నాడు. ఈ సంగతి తేల్చకుండా వదలకూడదని ఆ స్కూటరు మీదే నిర్ణయించుకున్నాను.

శుక్రవారం

మూడో బెల్టు వేసిన బండిని గురువారం తోటలో దింపించాను. శుక్రవారం పొద్దున్నే నేనూ వెళ్ళాను. బండి ఎలా ఉందో రెండు రోజులు వచ్చి చూస్తానంటే నాయుడు సంతోషించాడు. రుక్మిణమ్మ ఇడ్లీ పెట్టించింది.

ఏసుపాదం లేడు కాబట్టి కాపలా ఉండే దొరసామి బండి కడగడానికి దిగాడు. బక్కెట్టు, గుడ్డ తెస్తాడనుకున్నాను. చెట్లకు మందు కొట్టే పవరు స్ప్రేయరు లాక్కొచ్చాడు. దాని నీళ్ళు చెట్టు చివరి కొమ్మకు తగులుతాయి. అలాంటి గొట్టం పట్టుకుని దగ్గర నుంచి బండి మొహం మీద కొట్టడం మొదలుపెట్టాడు. పోయిన పూజ పసుపు ఇంకా అక్కడక్కడా ఎండిపోయి ఉంది.

"ఆ జాలీ సందుల్లో సూడు దొరసామీ, పాత పసుపు అట్టే ఉండాది. బాగా కొట్టు" అని రుక్మిణమ్మ అరుగు మీద నుంచి చెబుతోంది.

ఆ జాలీ ఏదో మీకు తెలుసు. బెల్టు డబ్బాలోకి గాలి పీల్చే నోరు. ఎవరి కంటికైనా అది బండికి ముక్కు, నుదురు లాగా కనబడుతుంది. అందుకే పసుపు ముద్ద సరిగ్గా అక్కడే మెత్తి, దాని మీద కుంకుమ పెడతారు. పైవారం దాన్ని వదిలించడానికి స్ప్రేయరు గొట్టం సరిగ్గా ఆ నోట్లోనే పెడతారు. లోపలికి పోయిన నీళ్ళకు బయటికి దారి లేదు. డబ్బా అడుగున ఒక చిన్న రబ్బరు మూత ఉంది, అది తీస్తేనే నీళ్ళు పోతాయి. ఆ మూత ఉందని వీళ్ళకు చెప్పినవాడు లేడు. శనివారం తడి బెల్టు జారుతుంది, కాలుతుంది, ఆ వేడికి నీళ్ళు ఆవిరై సోమవారానికి బండి మళ్ళీ బాగుంటుంది. మంగళవారం వచ్చిన ఇంజనీరుకు ఏం కనబడుతుంది?

అప్పుడే చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ఏమంటుందో నాకు తెలుసు. పూజను తప్పు పడతావా అంటుంది, నాయుడు తల్లి వైపు నిలబడతాడు, నేను షోరూమువాడిగా సాకు చెబుతున్నానని అనుకుంటారు. ఏసుపాదం మీద పడ్డ మాట అక్కడే ఉంటుంది. ఒక బెల్టు పోయినా పోనీ అనుకుని, ఆ రోజు నోరు మూసుకున్నాను. కొత్తగా పసుపు మెత్తి, కుంకుమ పెట్టి, హారతి ఇస్తే కళ్ళకద్దుకున్నాను కూడా.

శనివారం

పొద్దున్నే తలస్నానం చేసి, నామం పెట్టుకుని, ఒక్కపొద్దుతో తోటకు వెళ్ళాను. దారిలో ఏసుపాదం ఇంటి దగ్గర ఆగి, తోట గేటు బయట నిలబడి ఉండమన్నాను. రానన్నాడు. నా మాట మీద రమ్మని బతిమాలాను.

ప్యాకింగు షెడ్డు దగ్గర కూలీలు కాయలు ఏరుతున్నారు. ఇదే చోటు, ఇదే మనుషులు. నాయుణ్ణి, రుక్మిణమ్మను అక్కడికి పిలిచాను.

"అమ్మా, ఈ రోజు బండి నేను నడుపుతాను" అన్నాను.

"నువ్వు నడిపితే ఎక్కతాదిలేప్పా. నామం పెట్టుకోని వచ్చినావు, ఒక్కపొద్దుండావు" అంది ఆమె నవ్వుతూ.

బండి వెనక నీళ్ళ డ్రమ్ము కట్టించాను. గేరు 'లో'లో పెట్టి, నాయుణ్ణి పిలిచి కళ్ళారా చూడమన్నాను. మెల్లగా బండ దాకా వెళ్ళి ఎక్కించాను. ఇంజను అరిచింది. బండి రెండు అడుగులు ఎక్కి నిలబడి, వెనక్కి జారింది. రబ్బరు కంపు వచ్చింది. వెంటనే ఆపేశాను. అక్కడి నుంచి షెడ్డు వైపు చూస్తే ఒక్కరూ కాయలు ఏరడం లేదు.

బండిని కిందికి దొర్లించుకుని షెడ్డు ముందుకు తెచ్చాను.

"ఏంది మేస్త్రీ ఇది?" అన్నాడు నాయుడు.

"నేను నీసు తిన్నానేమో చూడండి నాయుడన్నా" అన్నాను. ఆ మాటలో వెటకారం ఎక్కువైందని నాకూ తెలుసు. అయినా మింగబుద్ధి కాలేదు.

కింద కూర్చుని, డబ్బా అడుగున రబ్బరు మూత లాగాను. నీళ్ళు ధారగా పడ్డాయి. మామూలు నీళ్ళు కావు, పసుప్పచ్చగా ఉన్నాయి. నేల మీద పచ్చని మడుగు కట్టింది. రుక్మిణమ్మ దగ్గరికి వచ్చి, వంగి, ఆ తడి మట్టిని వేలితో తీసి వాసన చూసింది.

"ఇది నా పసుపే" అంది.

అప్పుడు చెప్పాను, జాలీ గురించి, గొట్టం గురించి, స్ప్రేయరు గురించి. తప్పు ఆమెది కాదని కూడా గట్టిగా చెప్పాను. బండి అప్పగించిన రోజు నీళ్ళు ఎక్కడ కొట్టకూడదో మేము చెప్పి ఉండాలి. కంపెనీ ఇంజనీరు అడిగి ఉండాలి. పూజ ఆపనక్కర్లేదు, జాలీ మీద కాకుండా పక్కన బొట్టు పెట్టండి, గుడ్డతో తుడవండి, తడిస్తే మూత తీసి ఇంజను కాసేపు తిప్పండి. బెల్టు ఖర్చు షోరూముదే, మేనేజరుతో నేను తేల్చుకుంటాను. తేల్చుకున్నాను కూడా, ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నాయుడు తేలికపడ్డాడు. "సరేలేమ్మా. ఏసుపాదానికి ఫోను చేసి సోమవారం రమ్మంటా" అన్నాడు.

"ఫోను చేస్తే రాడన్నా. మాట యాడ అన్నారో ఆడనే ఎనక్కి తీసుకోవాల" అన్నాను. ఎప్పుడూ షోరూము తెలుగు మాట్లాడేవాణ్ణి, ఆ క్షణంలో పుత్తూరు షెడ్డు బయటికి వచ్చింది.

నాయుడి మొహం మాడిపోయింది. రుక్మిణమ్మ కొడుకు వైపు చూడలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. గేటు దగ్గర ఏసుపాదం నిలబడి ఉండటం అప్పటికే చూసినట్టుంది.

"వాన్ని లోపలికి రమ్మనప్పా" అంది.

అతను వచ్చాడు. షెడ్డుకు కొంచెం దూరంలో ఆగిపోయాడు. ఆమే నాలుగడుగులు ముందుకు వేసింది.

"ఏసుపాదా, ఆ పొద్దు వీళ్ళందరి ముందర ఒక మాట అన్న్యా. వీళ్ళ ముందరే చెప్తా ఉండా, ఇను. బండి చెడింది నా పసుపు నీళ్ళకు. నీ తిండికి గాదు. తెలీక అన్న్యా. ఎక్కు, బండెక్కు."

అతను కదల్లేదు. తల వంచుకునే, మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఎక్కతా పెద్దమ్మా. ఇంకమీద ఈ తోటలో నేనేం తిన్న్యానో ఎవురూ అడగకూడదు."

నాయుడు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. కొంతసేపు ఏసుపాదాన్నే చూసింది. ఆమె వయసుకి, ఆమె ఇంటికి, ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆమె వద్దంటే నేను చేసిందంతా ఒక బెల్టు బాగుచేసినట్టే మిగిలేది.

"అడగం" అంది.

నేను డబ్బా ఆరేదాకా ఇంజను తిప్పి, మూత బిగించి, పక్కకు తప్పుకున్నాను. ఏసుపాదం ఎక్కాడు. 'లో'లో పెట్టాడు. బండ దగ్గర ఒక్క క్షణం ఇంజను గొంతు బరువైంది, తర్వాత బండి డ్రమ్ముతో సహా సాఫీగా పైకి పోయింది. కూలీల్లో ఎవరో ఆడమనిషి "ఎక్కింది" అని గట్టిగా అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడకుండా తుడుచుకున్నాను.

పైన చెట్లకు నీళ్ళు పోసి అతను దిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. రుక్మిణమ్మ అరుగు మీద రెండు ఆకులు వేయించింది. ఒక్కపొద్దు విడవమని నన్ను పిలిచింది, అతన్నీ పిలిచింది. ఆ అరుగు మీద అతను ఎప్పుడూ కూర్చోలేదని దొరసామి మొహం చూస్తేనే తెలిసింది.

ఏసుపాదం బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను ఇంటికాడ తినే వచ్చినా పెద్దమ్మా" అన్నాడు.

ఏం తిన్నావని ఆమె అడగలేదు.